ఈల పడ్డ టేకు

ఆ పిల్ల సినిమా చూడ్డం సినిమా హాల్లో నేర్చుకుంది, సినిమా బడిలో కాదు. గొడవంతా అక్కడే వచ్చింది.

వాళ్ళ నాన్న దర్జీ. వారానికి ఒక్క రోజు కొట్టు మూసేవాడు. ఆ రోజు మ్యాట్నీకి కూతుర్ని వెంటేసుకుని బయల్దేరేవాడు. ఎప్పుడూ ముందు వరసే. తెర మీద మొహాలు మేడంత ఎత్తున లేచేవి, మెడ వెనక్కి విరుచుకుని చూడాలి. కథ ఎటు పోయినా దర్జీకి పట్టేది కాదు. హీరో కోటు భుజం మీద సరిగ్గా కూర్చుందా లేదా, అదొక్కటే చూసేవాడు. కూర్చుంటే ఈల వేసేవాడు. తెర మీద ఏమీ జరక్కుండానే ఈ మనిషికి ఏం పూనిందో తెలియక పక్కవాళ్ళు బుర్ర గోక్కునేవాళ్ళు.

ఏళ్ళ తరబడి దారం కొరికి కొరికి ఆయన ముందు పళ్ళకి గాడి పడింది. గాలంతా ఆ గాడిలోంచి జారిపోయి ఈల కాస్తా బుస్సుమనడం మొదలెట్టింది. "నా పని అయిపోయింది తల్లీ, ఇక నువ్వే వేయాలి" అని, వేళ్ళు నాలిక కింద ఎలా మడవాలో, గాలి ఎక్కణ్ణుంచి ఎత్తుకోవాలో ఒక ఇంటర్వెల్లో కూర్చోబెట్టి నేర్పాడు.

నేర్పి తనే హడలిపోయాడు. ఆ ఈల ముందు వరసలో పుట్టి, బాల్కనీ గోడకి కొట్టుకుని, తిరిగి తెర దాకా వచ్చేది. గేటు దగ్గర టికెట్లు చింపే మనిషి ఆ పిల్లకి ఈలమ్మ అని పేరు పెట్టేశాడు. "ఈలమ్మ వచ్చింది, ఇక ఆట వదలండ్రా" అని లోపలికి కేకేసేవాడు. ఆడపిల్లకి ఈలలేమిటని వీధిలో నలుగురూ మూతి విరిచారు. "చప్పట్లు కొట్టే చేతులకి లేని సిగ్గు నోటికెందుకు?" అని అడిగింది ఈలమ్మ. జవాబు లేనివాళ్ళు చేసే పనే వాళ్ళూ చేశారు, వెళ్ళి తండ్రికి చెప్పారు. తండ్రి టేపు మెడలోంచి తీసి, "చొక్కాకా, ప్యాంటుకా?" అన్నాడు.

ఆమె ఈల ఊరికే పడేది కాదు. ఫైటుకి వేయదు, పాటకి వేయదు, హీరో గాల్లోంచి దిగినా వేయదు. తెర మీద ఎవరైనా నోరెత్తకూడని చోట నోరెత్తినా, తలొంచాల్సిన చోట ఒంచకపోయినా, వేళ్ళు వాటంతట అవే నోట్లోకి వెళ్ళిపోయేవి. ఆపుకోవడం ఆమె వల్ల కాదు. తుమ్ము ఆపుకోగలమా?

సినిమా తీయడం నేర్పే బడి ఒకటి ఉందని తెలిసి, పరీక్ష రాసి, సీటు కొట్టుకుని అందులో చేరింది. అక్కడ హాలు అనకూడదట, స్క్రీనింగ్ రూమ్ అనాలట. మెత్తటి కుర్చీలు, వణికించే ఏసీ, గోడలకి నల్ల గుడ్డ, తలుపు మీద ఎర్ర లైటు. లైటు వెలిగితే దగ్గొచ్చినా మింగాల్సిందే. మొదటి రోజే బడికి పెద్ద అయిన హెడ్డు నిలబడి, "ఇక్కడ మనం సినిమా చూడం, సినిమా చదువుతాం" అన్నాడు. అందరూ రాసుకున్నారు. ఈలమ్మ రాసుకోలేదు. చూడనివాళ్ళు చదివేదేమిటో ఆమెకి అర్థం కాలేదు.

ఆ వారమే ఒక పాత మూగ సినిమా వేశాడు. అందులో పనిమనిషి ఒకతె యజమానురాలి టోపీ తీసి తన నెత్తిన పెట్టుకుంటుంది. అద్దంలో చూసుకుంటుంది. తీసేస్తుందేమో అనుకుంటాం. తీయదు. అలాగే టోపీతో వంటింట్లోకి నడుస్తుంది. ఈలమ్మ వేళ్ళు నోట్లోకి వెళ్ళాయి. గది దద్దరిల్లింది. లైట్లు వెలిగాయి. హెడ్డు వేలితో తలుపు చూపించాడు. బయట వరండాలో నిలబడి తలుపుకి చెవి ఆనించింది గానీ మూగ సినిమాలో వినడానికేముంటుంది? ఆ టోపీ సంగతి ఏమైందో ఆమెకి ఈ రోజుకీ తెలియదు.

ఆ తర్వాత రెండు చేతులూ తొడల కింద అదిమిపెట్టుకుని సినిమాలు చూసింది. చదవడమంటే ఇదే కాబోలనుకుంది.

చివరి ఏడాది ముగ్గురేసి కలిసి ఒక చిన్న సినిమా తీయాలి. అది వార్షిక ప్రదర్శనలో తెర మీద పడాలి. పడితేనే డైరెక్టర్‌కి పట్టా, లేకపోతే ఫెయిలు. ఈలమ్మ జట్టులో ఆమె కాక ఇద్దరు. కెమెరావాడు ముక్కాలి. ట్రైపాడ్ భుజాన లేకుండా వాణ్ణి చూసినవాళ్ళు లేరు, క్యాంటీన్‌కి కూడా దాన్ని మోసుకునే వస్తాడు. సౌండు చూసే అమ్మాయి గుసగుస. రికార్డింగ్ పాడవుతుందన్న భయంతో మాటలన్నీ గొంతులోనే నలిపేసుకుని, చివరికి ఇంట్లో అన్నం అడగడం కూడా గుసగుసగానే అడిగే స్థితికి వచ్చింది.

కథ ఈలమ్మ మేనత్తది. దర్జీకి అక్క. బట్టల ఫ్యాక్టరీలో ఇస్త్రీ సెక్షన్లో పని. ఒక రోజు ఆవిడ చేతిలో చొక్కా మాడిపోయింది. ఇస్త్రీ పెట్టె వేడి ఆగడం లేదు, బాగుచేయించమని ఆవిడ సూపర్‌వైజర్‌కి ముందే చెప్పింది, వాడు చేయించలేదు. మాడాక మాత్రం వచ్చి, మిషన్లన్నీ ఆపించి, అందరి ముందూ ఆవిణ్ణి నిలబెట్టి క్షమాపణ చెప్పించాడు. చెప్పింది. మళ్ళీ పెట్టె అందుకుని పని చేసుకుంది. ఇప్పటికీ అక్కడే పని చేస్తోంది. కానీ ఆ రోజు నుంచి ఇంట్లో ఎవరి చొక్కా ఇస్త్రీ చేయలేదు. తమ్ముడు దర్జీ అయ్యుండీ నలిగిన చొక్కాతోనే తిరుగుతాడు.

ఈలమ్మ ఉన్నదున్నట్టే రాసింది. సూపర్‌వైజరు అరుస్తాడు, ఆమె "తప్పయిపోయింది సార్, క్షమించండి" అంటుంది, తల వంచి పని చేసుకుంటుంది. అంతే సినిమా. అత్త వేషం అత్తే వేసింది. సూపర్‌వైజర్‌గా దర్జీని పెట్టారు, ఎందుకంటే ఊరికే వచ్చే యాక్టర్ ఇంకొకడు దొరకలేదు. షూటింగు దర్జీ కొట్లోనే.

మొదటి టేకులో దర్జీ టై సర్దుకుని, "అక్కా, కాస్త క్షమాపణ చెబుదూ" అన్నాడు.

"ఒరేయ్ తమ్ముడూ, నన్ను అక్కా అంటావేంట్రా? తిట్టు" అంది అత్త.

"తిట్టడం నాకెప్పుడు అలవాటక్కా?"

"మీ ఆవిడ పోయాక కూడా ఇంత భయమేంట్రా నీకు? నేనెవరో మర్చిపో. కుట్టిన కోటు పట్టుకుపోయి మళ్ళీ మొహం చూపించనివాడు గుర్తొస్తే ఏం చేస్తావ్? అది చెయ్."

ఆ మాట పనిచేసింది. దర్జీ మెల్లిగా వేడెక్కాడు. టేకు మీద టేకు తీశారు. అత్త రాసిచ్చిన మాట రాసిచ్చినట్టే అప్పజెప్పింది. అన్నీ బాగానే వచ్చాయి, ఒక్కటీ బాగా లేదు. ఇంకొక్కటి తీసి భోజనాలకి లేద్దామనుకున్నారు.

దర్జీ ఈసారి నిజంగానే అరిచాడు. "చెప్పు! అందరూ వినేలా చెప్పు!"

అత్త నోరు తెరిచింది. మూసింది. పెట్టె చొక్కా కాలరు మీద పెట్టి, ఈ చివర నుంచి ఆ చివరకి తాపీగా లాగింది. ఎవరూ అక్కడ లేనట్టు. పెట్టె నిలబెట్టింది. నడుముకున్న ఏప్రన్ ముడి విప్పింది. దర్జీ భుజం మీద దాన్ని వేసి అంది:

"కాలరు అయిపోయింది. మిగతాది నువ్వు చేసుకో."

ఆ మాట చివరిదాకా ఎవరికీ వినపడలేదు. 'మిగతాది' దగ్గరే ఈల పడింది.

కట్ చెప్పాల్సిన మనిషి నోట్లో వేళ్ళున్నాయి కాబట్టి కట్ చెప్పేవాళ్ళు లేక ముక్కాలి కెమెరా తిప్పుతూనే ఉన్నాడు. దర్జీ భుజం మీది ఏప్రన్ కేసి వెర్రిమొహం వేసి చూస్తున్నాడు, అది నటన కాదు. అత్త ఈల వచ్చిన వైపు తల తిప్పింది. పళ్ళన్నీ కనపడేలా నవ్వింది. అన్నేళ్ళలో ఆవిడ అలా నవ్వడం కొట్లో ఎవరూ చూడలేదు. గుసగుస మాత్రం హెడ్‌ఫోన్లు పీకి పారేసి, తన జీవితంలో మొదటిసారి గొంతెత్తి, "నా చెవి పోయిందే రాక్షసీ!" అని అరిచింది.

భోజనాలయ్యాక మళ్ళీ తీశారు. అత్త అదే పని చేసింది, అదే మాట అంది. బస్సు కండక్టరు స్టాపుల పేర్లు చదివినట్టు అంది.

ఆ తర్వాత రోజులన్నీ ఆ ఈలతో కుస్తీకే సరిపోయాయి. గుసగుస ఎడిటింగ్ గదిలో ఈల చెరపబోతే దాని కింద ఉన్న అత్త మాట కూడా చెరిగిపోయింది. పోనీ గొంతు మళ్ళీ రికార్డు చేద్దామని షిఫ్టు దిగి వస్తున్న అత్తని మైకు ముందు నిలబెట్టారు. ఎన్నిసార్లు చెప్పించినా మాటలో జీవం లేదు.

"అప్పటిలా చెప్పత్తా."

"అప్పుడు కోపంగా ఉందే. ఇప్పుడు ఆకలిగా ఉంది" అంది అత్త. ముగ్గురూ ఆవిణ్ణి క్యాంటీన్‌కి తీసుకుపోయారు. ఈల అలాగే మిగిలిపోయింది.

అసలు దాన్ని ఎందుకు తీయాలన్న ప్రశ్న ఈలమ్మకి ఆ క్యాంటీన్‌లోనే పుట్టింది. తను రాసింది ఉన్నదున్నట్టు. అత్త చేసింది ఉండాల్సినట్టు. తను రాసిన కాగితం కంటే ఆ టేకు పెద్దది. ఆ సంగతి ఆ క్షణంలో కనిపెట్టింది తన బుర్ర కాదు, తన వేళ్ళు. మరి ఇప్పుడు బుర్ర లేచి వేళ్ళది తప్పంటే ఎలా? "ఉంచేద్దాం" అంది.

హెడ్డు తన గదిలో సినిమా చూశాడు. చూసి, పెన్ను మూత పెట్టి, "ఆ ఈల ఎవరిది?" అన్నాడు.

"నాది సార్."

"డైరెక్టరు ఎక్కడైనా ఈల వేస్తుందా?"

"వేశాను కదా సార్."

"తీసెయ్."

"తీస్తే మనిషి కూడా పోతోంది సార్. ఆవిడ ఆ ఈల విని నవ్వింది. ఈల తీసేస్తే ఆ నవ్వు పిచ్చి నవ్వవుతుంది."

"అయితే ఆ షాటే తీసెయ్. ఆమె క్షమాపణ చెప్పిన టేకులు ఉన్నాయిగా, శుభ్రంగా ఉన్నాయి. అవి వాడు."

"వాడను సార్."

హెడ్డు చెడ్డవాడేం కాదు. అదే విసుగు. చెడ్డవాడైతే తిట్టి తలుపేసుకుని వచ్చేసేది. ఈయన ఓపిగ్గా కుర్చీ చూపించాడు, నీళ్ళు తాగమన్నాడు, పిల్లల మీద తనకున్న ప్రేమంతా గొంతులోకి తెచ్చుకున్నాడు. "చూడమ్మా, నాకు నీ మీద కక్షేం లేదు. నీలో పస ఉంది, క్రమశిక్షణే లేదు. మొదటి ఏడాది నుంచీ చూస్తున్నాను. ప్రదర్శనకి పెద్దవాళ్ళొస్తారు. ఇలాంటివి చూసి మనం ఏం నేర్పుతున్నామనుకుంటారు? సరే, ఒక పని చెయ్. నీ ఈల నువ్వు ఉంచుకో. సినిమా వేసే ముందు స్టేజీ ఎక్కి, ఇది అనుభవం లేక జరిగిన పొరపాటు, క్షమించండి అని చెప్పు. అందరూ వినేలా చెప్పు. వేసేద్దాం."

అందరూ వినేలా చెప్పు. సినిమాలో సూపర్‌వైజరు మాట అక్షరం పొల్లుపోకుండా తన నోట్లోంచి వచ్చిందని ఆయనకి తట్టనేలేదు. పాపం, ఆయన ఆ సినిమాని చదివాడు కదా, చూడలేదు.

"చెప్పకపోతే?"

"తెర మీద పడదు. పట్టా రాదు. నీ ఇష్టం."

"నా వాళ్ళిద్దరి సంగతి?"

"వాళ్ళ పనికి వాళ్ళ మార్కులు. ఈల నీదేనన్నావుగా."

"నాదే సార్" అని లేచి వచ్చేసింది.

వరండాలో సంగతి చెబితే ముక్కాలి చెయ్యి పట్టుకున్నాడు. "ఒసేయ్, రెండు ముక్కలే! గబగబా అనేసి దిగిపో. తమ పని తాము చేసుకుంటూ ఎంతమంది రోజూ అనడం లేదు? మా నాన్న నా పట్టా తగిలించడానికి గోడకి మేకు కూడా కొట్టించేశాడే. నీకు పట్టా రాకపోతే నీ పక్కన నిలబడి నేనెలా ఫొటో దిగను?"

"నీ పట్టాకేం ఢోకా లేదురా. కనుక్కునే వచ్చాను."

"అదికాదే..." అన్నాడు వాడు. ఏది కాదో చెప్పలేక ట్రైపాడ్ ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి మార్చుకున్నాడు.

గుసగుస దగ్గరకి జరిగి, "నీ ఈలకి నా కుడి చెవి వారం రోజులు మోగింది. దానికి నాకు సారీ చెప్పు. ఆయనకెందుకు?" అంది.

ఈలమ్మ ఆగిపోయింది. "నిజమే, నీకు చెప్పనేలేదు. సారీ. పెద్ద తప్పు చేశాను. చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకున్నదానివని ఆలోచించలేదు."

"సరే, వదిలెయ్" అంది గుసగుస. అంతే. తప్పు జరిగిన చోట క్షమాపణ ఎంత సులువుగా వచ్చిందో, ఎంత తొందరగా అయిపోయిందో ముగ్గురూ గమనించారు. హెడ్డు అడుగుతున్నది ఇది కాదని ముక్కాలికి కూడా అర్థమైంది. కాకపోతే వాడి కళ్ళ ముందు మేకు కదులుతూనే ఉంది.

ఇంటికి వెళ్ళి చెబితే దర్జీ కత్తెర పక్కన పెట్టాడు. "చెప్పేయ్ తల్లీ. నేను కొట్టు తీసింది మొదలు చెబుతూనే ఉంటాను. గుండీ ఊడిందని, చెయ్యి పొట్టయిందని. ఏమైనా అరిగిపోయానా?"

"గుండీ కుట్టింది నువ్వు కాబట్టి చెబుతావు నాన్నా. ఎవడో పీకేసి, వాడే వచ్చి నిన్ను చెప్పమంటే?"

"అప్పుడూ చెబుతాను. లేకపోతే మళ్ళీ రాడు."

"రాకపోతే పీడా పోయింది."

"నీకేం, కడుపులో చల్ల కదలకుండా అనేస్తావు." దర్జీ అక్క వైపు తిరిగాడు. "నువ్వు చెప్పక్కా. నీ మాట వింటుంది."

అత్త తలుపు దగ్గర స్టూలు మీద కూర్చుని కాళ్ళు ఒత్తుకుంటోంది.

"నేను చెప్పాను కదరా అప్పుడు" అంది. "చెప్పి, ఇంటికొచ్చి, కడుపునిండా తిని పడుకున్నాను. ఏమీ కాలేదు. ఆకాశమేం విరిగి మీద పడలేదు. నిద్ర కూడా పట్టింది." ఒత్తుకోవడం ఆపింది. "ఆ ఏమీ కాకపోవడమే నాకు నచ్చలేదు."

దర్జీ మళ్ళీ కత్తెర అందుకున్నాడు. ఆ తర్వాత ఆ ఇంట్లో ఎవరూ ఎవరికీ సలహా ఇవ్వలేదు.

ప్రదర్శన రోజు సాయంత్రానికి స్క్రీనింగ్ రూమ్ నిండిపోయింది. ముందు వరసలో అతిథులు, వెనక స్టూడెంట్లు, వాళ్ళ తల్లిదండ్రులు. దర్జీ తన కోసం తను మొదటిసారి కుట్టుకున్న కోటు వేసుకుని, ఎవరూ భుజం తగిలించకుండా ఒంటిని దగ్గరకి లాక్కుని కూర్చున్నాడు. అత్త షిఫ్టు నుంచి నేరుగా వచ్చింది, ఫ్యాక్టరీ బట్టలతోనే.

ఈలోగా ఈ పిల్లకి బుద్ధి వచ్చుంటుందన్న నమ్మకంతో హెడ్డు మైకు పట్టుకున్నాడు. "తర్వాతి సినిమాకి ముందు దాని దర్శకురాలు ఒక చిన్న మాట చెబుతుంది."

ఈలమ్మ స్టేజీ ఎక్కింది. మైకు అందుకుంది.

"ఈ సినిమాలో ఒక ఈల వినపడుతుంది. వేసింది నేనే. పొరపాటున వేశానని, క్షమించమని మీకు చెబితేనే దీన్ని వేస్తామన్నారు. నేను చెప్పను. ఒక మనిషి మొదటిసారి ఎదురు తిరిగితే ఎదురుగా నిలబడి చూశాను. నోరు మూసుకుని చూసుంటే, అప్పుడు చెప్పేదాన్ని క్షమాపణ. నాకు చెప్పాల్సింది అంతే. సినిమా వేయండి."

హెడ్డు మొహం ఎర్రబడింది. వెనక ప్రొజెక్టరు గది వైపు చెయ్యి ఊపి, "తర్వాతి సినిమా, తర్వాతిది" అన్నాడు.

లైట్లు ఆరాయి. ఈలమ్మ దిగలేదు. తెర ముందే నిలబడింది. తర్వాతి సినిమా క్లాసులో టాపర్‌ది. పొగమంచులో ఒక మనిషి నడుస్తూ ఉంటాడు, అదే సినిమా, నడవడం తప్ప ఆ మనిషికి ఇంకో పని లేదు. ఆ పొగమంచంతా వచ్చి ఈలమ్మ చొక్కా మీద పడింది. నడిచే మనిషి ఆమె చెవి దగ్గర మొదలై చంక కింద మాయమయ్యాడు.

"దిగమ్మా!" హెడ్డు గొంతు చీకట్లో.

"సినిమా వేస్తే దిగుతాను సార్."

"ఇది రౌడీయిజం!"

"కాదు సార్, ఊరికే నిలబడ్డాను."

టాపర్ తట్టుకోలేకపోయాడు. పోయిన శీతాకాలమంతా తెల్లారకముందే లేచి ఆ పొగమంచు కోసం పొలాల్లో కాపు కాసినవాడు. సీట్లోంచి ఎగిరి లేచాడు. "ఆపండి! నా ఫ్రేము! నా హీరో ఆ పిల్ల మెడ మీద నడుస్తున్నాడు! సార్, మీకు దణ్ణం పెడతాను, ముందు దానిది వేసి తగలెయ్యండి, తర్వాత నాది మొదట్నుంచి వేయండి!"

జనం ఘొల్లుమన్నారు. ముందు వరసలో ముఖ్య అతిథి వాచీ చూసుకుని, "ఏదో ఒకటి వేయండయ్యా, నాకింకో చోట పనుంది" అన్నాడు. వాదనలన్నిటికీ లొంగని హెడ్డు దానికి లొంగాడు. పెద్దమనిషి విసుగంటే ఆయనకి అంత భయం.

సినిమా పడింది. ఈలమ్మ మెట్ల మీద కూర్చుని తెర చూడలేదు, అత్త మొహం చూసింది. తెర వెలుతురు ఆ మొహం మీద ఆడుతోంది. తెర మీద దర్జీ అరిచాడు, చెప్పు, అందరూ వినేలా చెప్పు. అత్త నోరు తెరిచి మూసింది. పెట్టె కాలరు మీద తాపీగా నడిచింది. ఏప్రన్ విప్పింది. మాట అంది. ఈల పడింది. తెర మీది అత్త తల తిప్పి నవ్వింది.

గదిలో కిక్కురుమన్న శబ్దం లేదు. ఏళ్ళ తరబడి నేర్పిన చదువు. అందరూ చేతులు ఒళ్ళో పెట్టుకుని, లైట్లు వెలిగేదాకా మనసులో ఏముందో మొహానికి తెలియనివ్వకుండా కూర్చున్నారు.

అత్తకి ఆ చదువు లేదు. చీకట్లో ఆవిడ గొంతు ఖంగుమంది. "ఇంతమంది ఉన్నారు, ఒక్కళ్ళకీ నోరు లేదేంట్రా?"

ఎక్కడో వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఇంకెవరో ఉష్ అన్నారు. ఆ ఉష్ అన్నవాణ్ణి చూసి మరికొందరు నవ్వారు. తర్వాత ఒక చప్పట్ల చప్పుడు, దాని మీద ఇంకొకటి, ఎవరో కుర్చీ చరిచారు, ఎవరో పేరు తెలియక "ఇస్త్రీ ఆంటీ!" అని కేకేశారు. నచ్చనివాళ్ళు పైకే విసుక్కున్నారు. అదీ మంచిదే. ఆ గదిలో మొదటిసారి జనం సినిమా చూశారు. ఆ గోలలో చివర పడ్డ పేర్లు ఎవరూ చదవలేదు, గుసగుస కష్టపడి చేసిన చివరి సౌండు ఎవరికీ వినపడలేదు. గుసగుస మాత్రం హాయిగా నవ్వుతూ కూర్చుంది.

మర్నాడు హెడ్డు ఈలమ్మని పిలిపించాడు. ఆయన మాట మీద నిలబడే మనిషి. సినిమా పడింది గానీ షరతు ప్రకారం పడలేదు కాబట్టి లెక్కలోకి రాదన్నాడు. పాసైనవాళ్ళ పేర్లలో ముక్కాలి ఉన్నాడు, గుసగుస ఉంది, టాపర్ ఎలాగూ ఉన్నాడు. ఈలమ్మ లేదు.

"ఇంకో ఏడాది ఉండి, ఇంకో సినిమా తీసి చూపించు" అన్నాడు. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "ఆ రెండు ముక్కలూ అనుంటే ఈపాటికి పట్టా నీ చేతిలో ఉండేది కదమ్మా."

"ఉండేది సార్."

"మరి?"

"మరి కెమెరా ఇప్పించండి సార్."

హెడ్డుకి అర్థం కాలేదు.

"పాసైనవాళ్ళు సామాను అప్పజెప్పేయాలి. ఫెయిలైనవాళ్ళు స్టూడెంట్లే కాబట్టి ఇంకో ఏడాది వాడుకోవచ్చు. మీరు పెట్టిన రూలే. కెమెరా, మైకు, లైట్లు, ఎడిటింగ్ గది. సెలవుల్లో కూడా తీసుకోవచ్చని ఉంది."

ఇన్నేళ్ళుగా ఆ రూలుని ఆయన శిక్ష అనుకుంటూ వచ్చాడు. దాన్ని ఒకళ్ళు చెయ్యి చాచి అడుగుతారని ఎన్నడూ అనుకోలేదు. స్టోరు రూముకి ఫోన్ చేసి, "ఇచ్చేయండి" అని మాత్రం అన్నాడు.

స్టోరు ముందు ముక్కాలి ఖాళీ భుజంతో నిలబడి ఉన్నాడు. ట్రైపాడ్ అప్పుడే అప్పజెప్పాడు. అది లేకపోయేసరికి ఒక పక్కకి ఒరిగిపోయినట్టున్నాడు. ఈలమ్మ కెమెరా పెట్టె పట్టుకుని, వాడు ఇచ్చేసిన ట్రైపాడే తీసుకుని బయటికి రావడం చూసి వాడి మొహం వేలాడిపోయింది.

"నేను పాసయ్యానే" అన్నాడు ఏడవలేక. "నా ఖర్మ."

"మోస్తావా?"

వాడు మారు మాట్లాడకుండా లాక్కుని భుజాన వేసుకున్నాడు.

కొట్టుకి వచ్చేసరికి గుసగుస అప్పటికే అక్కడ ఉంది. ఆ వేళ సెలవు కావడంతో అత్త కూడా ఉంది. సంగతి విని దర్జీ నిట్టూర్చాడు, మిషను తొక్కడం ఆపి కూతురికి చోటిచ్చాడు. అత్త నిట్టూర్చలేదు. కెమెరా పెట్టె మీద చెయ్యి వేసి, "ఇది ఏడాదంతా మన దగ్గరేనా?" అని అడిగింది.

"మన దగ్గరేనత్తా."

"అయితే ఈసారి సూపర్‌వైజర్ వేషం నాకియ్యి. మీ నాన్న అరుస్తుంటే చూళ్ళేకపోతున్నాను, అరుపులోనూ వాడి గొంతు నిండా జాలే. ఆ మనుషులు ఎలా మాట్లాడతారో వాడికేం తెలుసు? రోజూ వినేది నేను."

"మరి నీ ఎదురుగా ఎవరు నిలబడతారక్కా?" అన్నాడు దర్జీ, జవాబు తెలిసే.

"ఇంకెవడున్నాడు? లే. టేపు తీసెయ్, అలా గోడ దగ్గర నిలబడు."

దర్జీ కూతురి వైపు చూశాడు. "ఏమనాలి తల్లీ నేను?"

"ఏమీ రాయలేదు నాన్నా. నీకేమనాలనిపిస్తే అదను."

ముక్కాలి ట్రైపాడ్ కాళ్ళు బార్లా విప్పాడు.